ఇంటి గడప నుంచి ప్లాంటు దాకా ఒకే నిర్ణయం

ఢిల్లీ మురుగునీటి శుద్ధి కేంద్రాల పట్టికలు తిరగేస్తే ఘిటోర్ని అనే పేరు ఏళ్ల తరబడి ఒకే తీరుగా కనిపిస్తుంది. సామర్థ్యం 5 ఎంజీడీ, శుద్ధి చేసిన మురుగు సున్నా. ఎంజీడీ అంటే రోజుకు పది లక్షల గ్యాలన్లు, లీటర్లలో సుమారు నలభై అయిదు లక్షలు. అంటే రోజుకు రెండు కోట్ల పాతిక లక్షల లీటర్లకు పైగా మురుగును శుభ్రం చేయడానికి కట్టిన ప్లాంటు అది. స్థలం దొరికింది, డబ్బు మంజూరైంది, కట్టడం లేచింది. దాని దాకా మురుగును మోసుకొచ్చే పైపులు మాత్రం రాలేదు.

ఘిటోర్ని వసంత్ కుంజ్‌కు దక్షిణాన, మెహ్రౌలీ నుంచి గుర్గావ్ వెళ్లే రోడ్డు మీద ఉంది. అదే ఘిటోర్నిలో 2017 జులై 15న ఒక ట్యాంకులోకి దిగిన నలుగురు మనుషులు విషవాయువులకు ఊపిరాడక చనిపోయారు. మొదట అది సెప్టిక్ ట్యాంకు అన్నారు, తర్వాత వాననీటి కోసం కట్టిన ట్యాంకు అన్నారు. ఏ ట్యాంకైనా, రక్షణ పరికరాలు లేకుండా దిగిన నలుగురూ ప్రాణాలతో బయటికి రాలేదు. నెల తిరక్కుండానే ఆగస్టు 6న లజ్‌పత్ నగర్‌లో ముగ్గురు, మరుసటి వారం షాహ్‌దరాలోని ఒక మాల్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఇలాగే పోయారు. ఈ వరుస చావుల తర్వాత గానీ మనుషులను మురుగు లైన్లలోకి దించొద్దని లెఫ్టినెంట్ గవర్నర్ ఆదేశాలివ్వలేదు. చట్టం ఆ పనిని 2013లోనే నిషేధించింది.

పైపుల్లేని ప్లాంటు, ప్లాంటుకు చేరని మురుగు, ఆ మురుగు నిలిచిన గుంటల్లోకి దిగే మనుషులు. ఈ మూడూ ఒకే ప్రాంతంలో పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికం కాదు. మన నగరాల్లో మురుగు లైను పొడిగింపును ముక్కలు ముక్కలుగా మంజూరు చేస్తున్నారు. ప్లాంటు ఒక ఫైలు, ట్రంక్ లైను ఇంకో ఫైలు, వీధి లైను మూడో ఫైలు. ఇంటి కనెక్షన్ అయితే ఎవరి ఫైల్లోనూ ఉండదు, అది ఇంటివాళ్ల తలనొప్పి. ఒక్కో ముక్కకూ శంకుస్థాపన జరుగుతుంది, శిలాఫలకం పడుతుంది. అన్నీ కలిసి ఒక లైను అయ్యాయా అని అడిగి సంతకం పెట్టే అధికారి మాత్రం ఎక్కడా లేడు. మార్చవలసింది దీన్నే. ఇంటి గడప నుంచి ప్లాంటు దాకా ఒకే నిర్ణయం, ఒకే మంజూరు, ఒకే జవాబుదారీ ఉండాలి. ఏ బస్తీకి ఎప్పుడు లైను వస్తుందో ఆ వరుస వార్డు జనం ముందు ఉండాలి.

వసంత్ కుంజ్ ఈ వాదానికి సరైన చోటు. ఇక్కడ రెండు రకాల నగరాలు భుజం భుజం రాసుకుని ఉన్నాయి. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ, అందరూ డీడీఏ అనేది, 1980లు, 90లలో సెక్టార్లుగా, పాకెట్లుగా విడగొట్టి ఫ్లాట్లు కట్టింది. ఫ్లాట్లతో పాటే మురుగు లైన్లు వేసింది. ఆ లైన్ల చివర ఢిల్లీ జల్ బోర్డు ప్లాంట్లు రెండు ఉన్నాయి. పాతది 2.2 ఎంజీడీ, తర్వాత వచ్చింది 3 ఎంజీడీ. ఇక్కడ శుద్ధి అయిన నీటిని పక్కనున్న సంజయ్ వన్‌కు, అక్కడి నుంచి హౌజ్ ఖాస్ చెరువుకు మళ్లించారు. అల్లావుద్దీన్ ఖిల్జీ తవ్వించిన ఆ చెరువు ఇరవయ్యో శతాబ్దం చివరికి ఎండిపోయి బీడు పడింది. 2000ల తొలి ఏళ్లలో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ చొరవతో అది మళ్లీ నిండింది. మురుగు సరైన దారిలో వెళ్తే ఏడు వందల ఏళ్ల నాటి చెరువుకు నీళ్లవుతుందని ఈ ప్రాంతమే చేసి చూపించింది. ఆ లైను తమ గుమ్మం దాకా రావాలని పక్క బస్తీవాళ్లు అడిగితే గొంతెమ్మ కోరిక ఎలా అవుతుంది?

ఫ్లాట్ల గోడ దాటితే కిషన్‌గఢ్, మసూద్‌పుర్, రంగ్‌పురి. ఇవి వసంత్ కుంజ్ కంటే ఎంతో పాత ఊళ్లు. నిజానికి వసంత్ కుంజ్ లేచింది ఇలాంటి ఊళ్ల పొలాల మీదే. నగరం ఊరిని చుట్టేసింది, ఊరు మాత్రం పాత నివాస హద్దైన లాల్ డోరా గీత లోపల ఉండిపోయింది. ఆ గీత లోపల ఇళ్లు అంతస్తు మీద అంతస్తు పెరిగాయి. జేఎన్‌యూలో చదివే పిల్లలు, కోచింగుల కోసం వచ్చిన పిల్లలు, విమానాశ్రయంలో షిఫ్టులు చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల గదుల్లోనే అద్దెకుంటారు. వాళ్లలో తెలుగు పిల్లలు తక్కువేమీ కాదు. ఒకప్పుడు ఒక కుటుంబం ఉన్న జాగాలో ఇప్పుడు ఏడెనిమిది వాటాలు. మనుషులు పెరిగినంత వేగంగా పైపులు పెరగలేదు. ఊళ్లను దాటి వెళ్తే రంగ్‌పురి పహాడీ, జైహింద్ క్యాంప్, కుసుంపుర్ పహాడీ లాంటి బస్తీలు. ఫ్లాట్లలో అంట్లు తోమేవాళ్లు, చెత్త ఎత్తేవాళ్లు, పిల్లలను ఆడించేవాళ్లు ఎక్కువగా అక్కడివాళ్లే.

దారి లేని మురుగు ఎక్కడికి పోతుందో నీలా హౌజ్ చెబుతుంది. వసంత్ కుంజ్ అంచున ఉన్న ఈ పాత చెరువులోకి కిషన్‌గఢ్ వైపు నుంచి మురుగు ఏళ్ల తరబడి పారింది. కామన్వెల్త్ క్రీడల ముందు రోడ్డు పనుల్లో చెరువులో కొంత భాగం మట్టి, శిథిలాలతో పూడింది. స్థానికులు కోర్టు దాకా వెళ్లి పోరాడారు. చివరికి ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సి.ఆర్. బాబు బృందం డీడీఏతో కలిసి అక్కడ ఒక తడినేలను నిర్మించింది. ఆక్సీకరణ మడుగులు, రాళ్ల కట్టలు, నీటి మొక్కల మీదుగా మురుగును పంపి శుభ్రం చేసే ఏర్పాటు అది. గొప్ప పని, ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ అది చెరువు గట్టున చేసిన చికిత్స. ఎగువన ఇళ్లను లైనుకు కలిపి ఉంటే చెరువుకు ఆ గతి పట్టేది కాదు.

మరి ఎగువన కలపాల్సింది ఎవరు? సామాన్యుడికి కళ్లు తిరిగేది ఇక్కడే. మురుగు పైపు జల్ బోర్డుది. ఆ బోర్డు 1998లో ప్రత్యేక చట్టంతో ఏర్పడింది, ఢిల్లీ ప్రభుత్వం కింద నడుస్తుంది. భూమి డీడీఏది, అది కేంద్రం కింద ఉంది. వీధి పక్క చిన్న కాలువ నగర పాలక సంస్థది. అరవై అడుగులు, అంతకు మించిన రోడ్లు పీడబ్ల్యూడీవి. ఆరావళి గుట్ట అటవీ శాఖది. బస్తీల్లో మరుగుదొడ్లు మురికివాడల బోర్డువి. వీధిలో మ్యాన్‌హోల్ పొంగితే జనం కార్పొరేటర్ ఇంటికి పోతారు, ఎందుకంటే వాళ్లు ఓటేసింది ఆయనకే. కార్పొరేటర్ చేతిలో మురుగు పైపు లేదు. చేసేదల్లా జల్ బోర్డు ఇంజినీరుకు ఫోను కొట్టడమే. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నీటి సరఫరా, పారిశుద్ధ్యాలను పురపాలికలకు అప్పగించదగ్గ పనుల జాబితాలో చేర్చింది. దేశ రాజధానిలోనే నీళ్లు, మురుగు పైపు పురపాలికకు ఆవలే ఉండిపోయాయి.

పని ఆలస్యమైనప్పుడు ఈ శాఖల్లో ఏ ఒక్కటీ తప్పు చేసినట్టు కనిపించదు. జల్ బోర్డు రోడ్డు తవ్వకానికి అనుమతి అడిగానంటుంది. రోడ్డు శాఖ తవ్వి పూడ్చే డబ్బు కట్టలేదంటుంది. అటవీ శాఖ ఇది ఆరావళి గుట్ట, ముందు అనుమతి తేవాలంటుంది. డీడీఏ ఈ జాగా ఆక్రమణ, ఇక్కడ లైనేమిటంటుంది. ఎవరి కాగితం వాళ్ల దగ్గర సక్రమంగానే ఉంటుంది. ఈలోగా వానాకాలం వచ్చేస్తుంది.

ఇంజినీర్ల కష్టం కూడా చిన్నది కాదు, దాన్ని కొట్టిపారేస్తే ఈ చర్చకు అర్థం లేదు. మురుగు లైను మంచినీటి లైను లాంటిది కాదు. మంచినీళ్లను మోటారు నెట్టుకుపోతుంది. మురుగు తన బరువుతో తానే, వాలును బట్టి పారాలి. రెండు వందల మీటర్లకు ఒక మీటరు వాలు పెట్టారనుకుంటే కిలోమీటరు వెళ్లేసరికి పైపు మొదలైన చోటు కంటే అయిదు మీటర్లు కిందికి దిగాలి. నేల కూడా అటే వాలితే సరే. ఎదురు వాలితే తవ్వకం ఇంకా లోతుకు పోతుంది. వసంత్ కుంజ్ నిలబడింది ఆరావళి రాతి మీద. చాలా చోట్ల మీటరు తవ్వితే చాలు గట్టి రాయి తగులుతుంది. అయిదడుగుల గల్లీలోకి జేసీబీ రాదు. రెండు వైపులా పునాది సరిగా లేని నాలుగంతస్తుల ఇళ్లు, మధ్యలో మంచినీటి గొట్టం, పైన వేలాడే కరెంటు తీగలు. అక్కడ డ్రిల్లింగ్ యంత్రంతో రాయి పగలగొట్టి, తట్టలతో ఎత్తిపోసి, సుమారు ముప్పై మీటర్లకో మ్యాన్‌హోల్ కట్టుకుంటూ పోవాలి. ఒక్కో మ్యాన్‌హోల్ అడుగున సిమెంటుతో అర్ధచంద్రాకారంలో చిన్న కాలువ తీర్చిదిద్దాలి. వచ్చిన పైపు నోరు, వెళ్లే పైపు నోరు ఆ కాలువలో ఒకే వాలుకు కలవాలి. అంగుళం ఎత్తుపల్లం వచ్చినా అక్కడ చెత్త కూర్చుంటుంది. బిల్లు రాసేటప్పుడు ఎవరి కంటా పడని ఈ చిన్న కాలువే ఆ వీధి ఇరవై ఏళ్ల ఆరోగ్యాన్ని తేలుస్తుంది.

అదే రాయి సెప్టిక్ ట్యాంకు పద్ధతిని కూడా ఇక్కడ సాగనివ్వదు. మెత్తటి నేలలో ట్యాంకు నుంచి పొర్లిన నీరు ఇంకుడు గుంటలో ఎంతో కొంత ఇంకుతుంది. గట్టి రాతి మీద ఇంకే చోటు లేక పక్క కాలువలోకి పొంగుతుంది, లేదంటే రాతి పగుళ్లు పట్టుకుని బోరుబావుల వైపు జారుతుంది. బోర్లు, ట్యాంకర్ల నీళ్లే దిక్కైన చోట దీని అర్థం వేరే చెప్పాలా? బస్తీవాళ్లు ట్యాంకు ఖాళీ చేయించడానికి ప్రైవేటు ట్యాంకర్‌ను పిలుస్తారు. సరైన చోట పారబోసే ఏర్పాటు లేకపోతే అది చీకటి పడ్డాక ఏ నాలాలోనో ఖాళీ అవుతుంది. ఆ నాలాల నీరు చివరికి చేరేది యమునకే. వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా ఉన్న 22 కిలోమీటర్లు యమున మొత్తం పొడవులో రెండు శాతం కూడా కాదు. నది మోసే కాలుష్యంలో నాలుగింట మూడొంతులు మాత్రం అక్కడే చేరుతోంది. వేల కోట్లతో నది ఒడ్డున ఏం కట్టినా, గల్లీలో లైను పడందే ఆ లెక్క మారదు.

ఇక వాదం ముదిరేది చట్టబద్ధత దగ్గర. అనధికార కాలనీకి మురుగు లైనేస్తే ఆక్రమణకు బహుమతి ఇచ్చినట్టు కాదా అని ఫ్లాట్లవాళ్లు అడుగుతారు. పన్ను కట్టేవాడి ప్రశ్న అది, జవాబు చెప్పి తీరాలి. ఢిల్లీ ఆర్థిక సర్వేల్లో తరచూ ఉటంకించే 2000 నాటి అంచనా ప్రకారం ప్రణాళిక ప్రకారం వెలసిన కాలనీల్లో ఉంటున్నది నగర జనాభాలో 23.7 శాతమే. తక్కిన వాళ్లంతా ఊళ్లలో, క్రమబద్ధీకరించిన, క్రమబద్ధీకరించని కాలనీల్లో, పునరావాస కాలనీల్లో, బస్తీల్లో ఉన్నారు. నలుగురిలో ముగ్గురు ప్రణాళిక బయట బతుకుతుంటే ఆ తప్పును వాళ్ల ఒక్కరి మీదే వేయలేం. వాళ్లకు సరిపడా ఇళ్లు కట్టాల్సిన సంస్థ కట్టలేదు. కేంద్రం 2019లో పార్లమెంటులో చట్టం తెచ్చి 1,731 అనధికార కాలనీల్లో నివాసులకు ఆస్తి హక్కు గుర్తిస్తామంది. ఇంటి మీద హక్కు ఇవ్వొచ్చు గానీ ఇంటి కింద పైపు వేయకూడదంటే పొసగదు.

చట్టం గీత అందరి దగ్గరా ఒకేలా బిగుసుకోలేదన్నది కూడా వసంత్ కుంజ్‌లోనే తేలిన సంగతి. నెల్సన్ మండేలా మార్గ్ మీద వరుసగా నిలబడ్డ మాల్స్ ఆరావళి గుట్ట భూమి మీద, డీడీఏ వేలంలో అమ్మిన స్థలాల్లో లేచినవే. పర్యావరణ అనుమతులు రాకముందే కట్టడం మొదలైందన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. అప్పటికే పెద్దమొత్తాలు ఖర్చయ్యాయన్న సంగతిని లెక్కలోకి తీసుకుని 2006 అక్టోబరులో కోర్టు షరతులతో దారి ఇచ్చింది. ఆ తీర్పు మంచిచెడ్డలు వేరే చర్చ. కట్టేసిన భవనాన్ని వాస్తవంగా ఒప్పుకుని దాని నీరు, మురుగు సంగతి చూడటం ఈ గుట్ట మీద కొత్త కాదన్నదే ఇక్కడ విషయం. ఆ ఒప్పుకోలు పహాడీ మీద రేకుల ఇంటికి కూడా వర్తించాలి. మురుగు లైను వేస్తే పట్టా ఇచ్చినట్టు కాదని ఆ ఉత్తర్వులోనే ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. కలరా, కామెర్లు పట్టా చూసి రావు. గోడకు అటూ ఇటూ అందరికీ వస్తాయి.

డబ్బు లేదన్న మాటకు నలభై ఏళ్లకు పైగా పాతదైన జవాబు ఉంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు కాలువలు లేక, మురుగు వాసన భరించలేక మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. నిధుల్లేవని మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వాదించింది. 1980 జులైలో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ప్రజారోగ్యాన్ని కాపాడటం మునిసిపాలిటీ మొదటి పని, ఖజానా ఖాళీ అన్న సాకుతో ఆ బాధ్యత నుంచి తప్పుకోవడం కుదరదని తేల్చింది. ఆ కేసు గెలిచింది మామూలు వార్డు జనం. వసంత్ కుంజ్ చుట్టూ ఉన్న ఊళ్ల సంఘాలు ఆ తీర్పు నకలు దగ్గర పెట్టుకుని అధికారుల ముందు కూర్చోవాలి.

గల్లీలు ఇరుకు, మామూలు పద్ధతిలో లైను పట్టదు అన్నది అసలైన ఇబ్బందే. దానికి దారులు లేకపోలేదు. బ్రెజిల్‌లో 1980ల నుంచి సన్నటి పైపులను తక్కువ లోతులో, ఇళ్ల పెరళ్ల మీదుగా, కాలిబాటల కిందుగా వేసుకుపోయే పద్ధతి నడుస్తోంది. బ్రెజీలియాలో పేద కాలనీలతో పాటు కలవారి పేటలకు కూడా అదే వేశారు. అంత దూరం పోనక్కర్లేదనుకుంటే ఢిల్లీలోనే సావ్‌దా ఘేవ్రా పునరావాస కాలనీ ఉంది. పెద్ద లైను చేరని ఆ కాలనీలో మూడు వందలకు పైగా ఇళ్లను సన్నటి పైపులతో ఒక ఉమ్మడి ట్యాంకుకు కలిపారు. ఇక కరాచీలోని ఒరంగీ సంగతి. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన ఆ ప్రయత్నంలో ఇరవై, ముప్పై ఇళ్ల గల్లీవాళ్లు డబ్బులేసుకుని తమ గల్లీ లైను తామే వేసుకున్నారు. నమూనా, కొలతలు, పర్యవేక్షణ ఖాన్ సంస్థవి. గల్లీ దాకా మేం చూసుకుంటాం, పెద్ద నాలా, ప్లాంటు ప్రభుత్వం చూడాలన్నది వాళ్ల ఒప్పందం. గల్లీలు వేలల్లో పూర్తయ్యాయి, ప్రభుత్వం వంతు మాత్రం ఏళ్లకేళ్లు వెనకబడింది. పేదలకు పైసా తీసే ఓపిక లేదనేవాళ్లు ఒరంగీని చదవాలి. అంతా జనమే చేసుకుంటారులే అనుకునే ప్రభుత్వాలు మరీ శ్రద్ధగా చదవాలి.

లైను పడిన చోట కూడా ఇళ్లు కలవకపోవడం మరో ముడి. 2019 నవంబరులో ఢిల్లీ ప్రభుత్వం ఉచిత కనెక్షన్ పథకం ప్రకటించింది. అభివృద్ధి రుసుము, కనెక్షన్ రుసుము, రోడ్డు తవ్వకం ఖర్చు మాఫీ చేసింది. రెండు లక్షలకు పైగా కుటుంబాలకు మేలు జరుగుతుందని అప్పటి ముఖ్యమంత్రి చెప్పారు. అంటే ఇంటి ముందు పైపు ఉండి కూడా అన్నేసి ఇళ్లు బయటే ఉండిపోయాయి. అద్దెల మీద బతికే యజమాని వాటాల మధ్య నేల పగలగొట్టించి పైపు వేయించడానికి వెనకాడతాడు. పాత సెప్టిక్ ట్యాంకు ఎలాగూ ఉంది కదా అనుకుంటాడు. దీని నష్టం ఆ ఇంటితో ఆగదు. మురుగు పైపు తనను తాను కడుక్కోవాలంటే నీరు సెకనుకు అరవై సెంటీమీటర్ల వేగంతోనైనా పారాలని ఇంజినీర్ల లెక్క. వంద ఇళ్ల కోసం వేసిన లైనుకు ముప్పై ఇళ్లే కలిస్తే ఆ వేగం రాదు. ఇసుక, మడ్డి అడుగున పేరుకుంటాయి. లైను మూసుకుంటుంది. అప్పుడు ఎవడో కాంట్రాక్టరు ఎవరో కూలీని లోపలికి దిగమంటాడు. సగం కలిపిన లైను మనుషుల్ని చంపుతుందంటే అతిశయోక్తి కాదు. కనెక్షన్లను జనం ఇష్టానికి వదలకుండా, లైను అంచనాలోనే ప్రతి ఇంటి కనెక్షన్ ఖర్చును కలిపి కాంట్రాక్టు ఇవ్వాలనడానికి కారణం ఇదే. ఇల్లు కలిస్తేనే బిల్లు అనే షరతు ఉండాలి.

హైదరాబాద్ ఈ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకుంది. 1908 మూసీ వరదల తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది, ఆయన ఆ తర్వాత నగర భూగర్భ డ్రైనేజీ పథకానికి రూపమిచ్చారు. పాత నగరం ఆ లైన్ల మీద చాలాకాలం బతికింది. 2007లో చుట్టుపక్కల పన్నెండు మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ చేశారు. పాత నగరంలో డ్రైనేజీ జలమండలి చేతిలో, కలిసిన శివార్లలో జీహెచ్ఎంసీ చేతిలో ఉండిపోయింది. నీళ్ల బిల్లు ఒకరు, మురుగు ఇంకొకరు. కుత్బుల్లాపూర్‌లోనో ఎల్బీనగర్‌లోనో మోరీ పొంగితే ఎవరికి చెప్పాలో తెలియని స్థితి పద్నాలుగేళ్లు నడిచింది. 2021 అక్టోబరు నుంచి శివారు సర్కిళ్ల డ్రైనేజీని కూడా జలమండలికి అప్పగించారు. అదే ఏడాది 31 కొత్త శుద్ధి కేంద్రాలకు 3,866 కోట్ల పథకం మంజూరైంది. నీరు, మురుగు ఒకే చేతి కిందికి రావడం మంచి మార్పు, ఢిల్లీ వాళ్లకు చూపించదగ్గది. అయితే ప్లాంటు కట్టే వేగంతో వీధి లైన్లు, కనెక్షన్లు నడుస్తున్నాయా అన్నది ప్రతి కాలనీ సంఘం ప్రతి నెలా అడగాల్సిన ప్రశ్న. హైదరాబాద్‌కు ఘిటోర్ని లాంటిది ఒక్కటి కూడా అక్కర్లేదు. వరంగల్ 2016లో సెప్టిక్ ట్యాంకుల మడ్డి తరలింపుకు నగర స్థాయి నిబంధనలు తెచ్చింది. లైను రావడానికి పదేళ్లు పట్టే శివార్లకు ఈలోగా అలాంటి కట్టుదిట్టమే దిక్కు.

మురుగు గుంటల్లో చావుల గురించి దేశం మాట్లాడేలా చేసినవాళ్లలో మొదటి పేరు బెజవాడ విల్సన్‌ది. కోలార్ బంగారు గనుల ఊళ్లో, పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టి, సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపి, 2016లో మెగసెసే అవార్డు అందుకున్న మనిషి. ఆ సంస్థ వేసిన కేసులోనే 2014 మార్చిలో సుప్రీంకోర్టు 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో మరో కేసులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఈ పరిహారం ఇప్పుడు ఏ శాఖ పద్దులో పడుతుందో చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. లైను వేయడం ఆలస్యం చేసిన శాఖ పద్దులో పడదు. గుంటలోకి దించిన కాంట్రాక్టరు దగ్గరో, పని చేతులు మారి చివరికి చేరిన సంస్థ దగ్గరో ఆగిపోతుంది. లైను పొడిగింపు వాయిదా వేసిన ప్రతి ఫైలు మీదా ఆ వాయిదాకు కారణం, రాసిన అధికారి హోదా, మళ్లీ చూసే తేదీ ఉండాలి. అప్పుడే పరిహారం లెక్క సరైన గుమ్మం ముందుకు వస్తుంది.

వసంత్ కుంజ్ వార్డులో ఈ మార్పు రేపే మొదలుపెట్టొచ్చు, దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. జల్ బోర్డు దగ్గర లైన్ల పటం ఉంది. దాన్ని వార్డు ఆఫీసు గోడ మీద, హిందీలో, గల్లీ పేర్లతో సహా అంటించాలి. లైను ఉన్న గల్లీ, లైను ఉండి ఇళ్లు కలవని గల్లీ, లైనే లేని గల్లీ వేర్వేరు రంగుల్లో కనబడాలి. ఏ గల్లీకి ముందు అన్నది మంత్రి పర్యటనను బట్టి కాకుండా కొలవగలిగిన వాటిని బట్టి తేల్చాలి. ఎన్ని కుటుంబాలు, బోరు నీటి పరీక్షలో ఏం తేలింది, విరేచనాల కేసులు ఎన్ని, చెరువు ఎంత దగ్గర. ఆ వరుస మారిస్తే మార్చిన కారణం కూడా అదే గోడ మీద రాయాలి. డీడీఏ, అటవీ శాఖ, పీడబ్ల్యూడీల అనుమతులను టెండరు పిలవకముందే ఒకే బల్ల దగ్గర తెప్పించాలి. అనుమతికి గడువు పెట్టి, గడువు దాటితే ఏ శాఖ దగ్గర ఆగిందో ప్రకటించాలి. ఫ్లాట్ల సంక్షేమ సంఘాలకు ఇందులో సొంత ప్రయోజనం ఉంది. కిషన్‌గఢ్ మురుగు వాళ్ల ప్లాంటుకు చేరితే వాళ్ల పార్కుకు, సంజయ్ వన్‌కు, హౌజ్ ఖాస్‌కు వెళ్లే శుద్ధ జలం పెరుగుతుంది. ప్లాంటు సామర్థ్యం చాలకపోతే దాన్ని పెంచమని ఊళ్లవాళ్లతో కలిసి అడగాల్సింది వాళ్లే. అడిగేటప్పుడు పటంలో పహాడీ బస్తీలు కూడా ఉండేలా చూడాలి. రంగు పడని ఖాళీ జాగాగా వాటిని వదిలేసే పటం తయారవుతుంటే, ఆ సమావేశంలోనే లేచి అభ్యంతరం రాయించాలి.